జీపుకు కాడి

పాఠ్యభాగ పరిచయం

యంత్రవిషయాలను తెలుగులో వివరించడం దుష్కరమన్న అభిప్రాయం మన విద్యావంతులలో బలంగా నాటుకొని ఉంది. రైతుకు గాని, మెకానిక్కుకు గాని ఆ సంకోచం లేదు. సైన్యం నుంచి విడుదలైన పాత జీపుకు ట్రైలరును తగిలించే కొక్కెం అమర్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 2022లో అనంతపురం జిల్లా నుంచి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు దీనికి నేపథ్యం.

పాఠ్యభాగం

ఒక బలం ముందు నడవగా దాని వెంట ఒక భారం కదలాలంటే ఆ రెంటినీ కలిపే సంధి దృఢంగా ఉండాలి. ఎద్దులబండిలో ఈ పనిని కాడి, నొగ నిర్వహిస్తాయి. ఇరుసు కొసన దిగవేసిన చీల చక్రాన్ని జారిపోనివ్వదు. కాడిని సంస్కృతంలో 'యుగం' అన్నారు. కలపడం అనే అర్థం గల 'యుజ్' ధాతువు దానికి మూలం. 'ధురంధరుడు' అని మనం గొప్పవారిని ప్రశంసిస్తాం. ఆ మాటకు మొదటి అర్థం కాడిని మోసేది అని మాత్రమే! సభలలో ఆ బిరుదు పొందినవారికి ఈ సంగతి తెలిస్తే ఎంతమంది సంతోషిస్తారో చెప్పలేను.

జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టిన వాహనం. విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను అమెరికా సైన్యం కోసం తయారు చేశాయి. మనదేశంలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. తరువాతి కాలంలో జబల్‌పూర్‌లో నిస్సాన్ లైసెన్సుతో 'జోంగా' అనే బలిష్ఠమైన వాహనం మన సైన్యానికి తయారైంది. 'జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ' అనే పేరులోని తొలి అక్షరాల కూర్పే జోంగా. సేవాకాలం ముగిసిన ఇటువంటి వాహనాలను సైన్యం వేలం వేస్తుంది. అలా వచ్చినవి రైతుల చేతిలో రెండవ జన్మ ఎత్తుతాయి.

1565 నాటి యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండకు సమీపంలోనే, ఎర్రమంచి వద్ద 2019 నుంచి కియా కర్మాగారంలో సరికొత్త కార్లు తయారవుతున్నాయి. అయినా రాళ్లదారి గుండా తోటకు నీరు చేర్చవలసిన రైతుకు పాత జీపు పట్ల మమకారం తగ్గదు. వర్షాభావం నిత్యసమస్య అయిన ఈ సీమలో ఎండుతున్న మామిడి మొక్కకు ఒక బిందె నీరు ప్రాణదానమే. ధర్మవరం నేతగాడికి మగ్గం సామాను తరలించే అవసరం ఉంటుంది. హిందూపురం మార్కెట్టుకు చింతపండు, బెల్లం చేర్చవలసినవారూ ఉంటారు. ఈ అవసరాలన్నీ జీపు వెనుక ఒక ట్రైలరును కోరుకొంటాయి.

ఇక్కడే మొదటి ప్రమాదం పొంచి ఉంది. వెయ్యి లీటర్ల నీరు వెయ్యి కిలోల బరువు తూగుతుంది. యుద్ధకాలపు విల్లీస్ జీపు బరువే ఇంచుమించు అంత. ఆ జీపు కోసం సైన్యం రూపొందించిన చిన్న ట్రైలరులో వేయదగిన సరుకు 500 పౌండ్లు, అంటే సుమారు 227 కిలోలు. రెండు వందల లీటర్ల పీపాతో ఆ హద్దు దాదాపు నిండుతుంది. ఇంజను లాగగలదు కదా అని కొందరు వాదిస్తారు. లాగడం వేరు, ఆపడం వేరు. బ్రేకులు లేని ట్రైలరు దిగుడు రోడ్డులో జీపును వెనుక నుంచి నెట్టుతుంది. పైగా సగం నిండిన తొట్టిలో నీరు ముందుకు వెనుకకు ఊగి ఆ నెట్టుడును రెట్టింపు చేస్తుంది. అందుచేత తొట్టిలోపల అడ్డుపలకలు అమర్చాలి. లేదా దానిని పూర్తిగా నింపి నడపాలి.

కొక్కేన్ని దేనికి బిగించాలి? బంపరుకు మాత్రం కాదు. బంపరు తాకిడిని భరించడానికే గాని లాగుడును మోయడానికి ఏర్పడినది కాదు. చాసీ వెనుక అడ్డుదూలమే సరైన స్థానం. పాత బండిలో ఆ దూలం లోపలి నుంచి తుప్పు పట్టి ఉండవచ్చు. అనుభవజ్ఞుడైన మేస్త్రి ముందుగా రంగు గీకి, సుత్తితో తట్టి వింటాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. బొద్దుగా పలికిన దూలాన్ని మార్చనిదే పని మొదలుపెట్టరాదు. పైన కొత్త రేకు అతికి, రంగు పూసి ఇచ్చేవారి వద్దకు వెళ్లకపోవడం మేలు.

దూలం ఒక్కటే మొత్తం లాగుడును భరిస్తే మధ్యలో వంగిపోతుంది. కనుక కొక్కెం వెనుక మందపాటి ఇనుపపలకను ఉంచి, అక్కడి నుంచి రెండు ఊతకమ్ములను చాసీ నిలువు దూలాలకు చేర్చాలి. రంధ్రాలను గ్యాసు మంటతో కాక డ్రిల్లుతో వేయాలి. నిలువు దూలం పై అంచులో గాని, కింది అంచులో గాని రంధ్రం వేస్తే అది బలహీనపడుతుంది. నిలువు ముఖపు నడిమి భాగం శ్రేయస్కరం. దూలం డొల్లగా ఉన్నచోట బోల్టు చుట్టూ గొట్టపుముక్క తొడగాలి. లేకపోతే బిగించినకొద్దీ దూలం నొక్కుకుపోతుంది.

బోల్టు తలపై 8.8 అనే అంకె ఉందేమో చూడాలి. మొదటి ఎనిమిది దాని బలం చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లని తెలుపుతుంది. ఆ బలంలో పదింట ఎనిమిది వంతుల వరకు అది శాశ్వతంగా సాగదని రెండవ ఎనిమిది చెబుతుంది. అంకె లేని బోల్టు చవక. దాని శక్తి ఎంతో ఎవరికీ తెలియదు.

ఎగుడుదిగుడు నేలపై సైనిక వాహనాల కొక్కేనికి ఒక విశిష్టత ఉంది. ట్రైలరు వలయం అందులో మెలితిరగగలదు. గుండ్రని బంతిపై కూర్చునే పట్టు నున్నని రోడ్డుకు తగినది. ఒకదానికి చేసిన ట్రైలరును మరొకదానికి తగిలించరాదు. కొక్కెం మూసుకొన్నాక చీల వేయాలి; బండికైనా జీపుకైనా చీల చీలే. అది కూడా ఊడితే ట్రైలరు నొగ నేలకు గుచ్చుకోకుండా, రెండు గొలుసులను నొగ కింద అడ్డంగా మార్చి కట్టాలి.

సరుకు సర్దడంలోనూ శాస్త్రం ఉంది. ట్రైలరు మొత్తం బరువులో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు వరకు కొక్కెంపై ఆనాలి. నాలుగు వందల కిలోల ట్రైలరుకు అది ఇరవై నుంచి నలభై కిలోలు. నొగ కింద ఇంట్లోని బరువుయంత్రాన్ని ఉంచితే క్షణంలో తెలుస్తుంది. పట్టుచీరల మూటలు ముందు, మగ్గం ఇనుపసామాను వెనుక వేస్తే నొగ పైకి లేచి, వేగంలో ట్రైలరు పాములా మెలికలు తిరుగుతుంది. అప్పుడు జాతీయరహదారిపై ఎదురువచ్చే వాహనంలోని వారికి కూడా అపాయమే.

వెనుక దీపాల విషయంలో సైనిక వాహనాలు మోసం చేస్తాయి. విల్లీస్ జీపుది 6 వోల్టుల విద్యుత్తు. తరువాతి సైనిక వాహనాలలో కొన్నింటిది 24 వోల్టులు. బజారులో దొరికే దీపాలు సాధారణంగా 12 వోల్టులవి. ముందుగా కొలిచి, తగిన దీపాలను తెచ్చుకోవాలి.

చట్టాన్నీ గమనించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. ట్రైలరును సైతం రిజిస్టరు చేయించాలి. కనుక పనికి ముందే రవాణాశాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

అమరిక పూర్తయిన తరువాత తొలి ప్రయాణం ఖాళీ ట్రైలరుతో సాగాలి. పొడి తారురోడ్డుపై నాలుగు చక్రాల చోదనాన్ని వాడితే గేర్లు ఒత్తిడికి లోనవుతాయి. దానిని పొలం గట్టు చేరినాక వాడాలి. వంద కిలోమీటర్లు తిరిగినాక బోల్టులన్నింటినీ మళ్లీ బిగించి చూడాలి. కొత్త రంగు కింద కూర్చున్న ఇనుము అప్పటికి కాస్త సర్దుకొని, ఏదో ఒక బోల్టు పావుచుట్టు తిరుగుతుంది.