వెల – విలువ

వస్తువు వెల కొనేటప్పుడే తెలుస్తుంది. విలువ వాడుకలో గాని తెలియదు. టాబ్లెట్ కంప్యూటర్ల చరిత్రే ఇందుకు నిదర్శనం.

2011 జనవరిలో ఐప్యాడ్ మన దేశంలో 27,900 రూపాయల ప్రారంభ ధరతో విడుదలైంది. అదే ఏడాది అక్టోబరు 5న కేంద్రమంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను ఆవిష్కరించారు. డేటావిండ్ సంస్థ రూపొందించగా హైదరాబాదులో తయారైన దానికి ప్రభుత్వం చెల్లించిన ధర సుమారు 2,300 రూపాయలే. పేద విద్యార్థికి విజ్ఞానం చేరువైందని కొందరు హర్షించారు. ప్రాసెసర్ వేగం చాలదనీ, గట్టిగా నొక్కితే గాని తెర స్పందించదనీ కొందరు విమర్శించారు. ఇరుపక్షాల మాటలోనూ సత్యముంది. అందులోని ఆండ్రాయిడ్ 2.2 సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లిపిని చూపే ఏర్పాటు సహజంగా లేకపోవడం మన విద్యార్థులకు మరో చిక్కు. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో వేగం, తెర మెరుగుపడ్డాయి.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో పత్తి, మిరప పండించే కుటుంబాలు అనేకం. పంట డబ్బుతో బిడ్డ చదువుకై టాబ్లెట్ కొనేవారు ధర ఒక్కటే అడిగితే చాలదు. సాఫ్ట్‌వేర్‌ను ఎన్నేళ్లు నవీకరిస్తారు? తెలుగు పాఠం తెరపై సరిగా కనిపిస్తుందా? చెడితే మరమ్మతు ఎక్కడ? ఇవన్నీ అడగాలి. రసీదు భద్రపరచాలి. వస్తువు లోపభూయిష్టమైతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాము నివసించే జిల్లాలోని కమిషన్‌కే ఫిర్యాదు చేయవచ్చు.

చౌకగా కొన్నది చదువుకు అక్కరకు రాకపోతే, అంతకంటె ప్రియమైన వస్తువు మరొకటి లేదు.

ప్రశ్నలు
1. వెలకూ విలువకూ గల భేదాన్ని ‘ఆకాశ్’ ఆధారంగా వివరించండి.
2. టాబ్లెట్ కొనేవారు విచారించవలసిన అంశాలేవి?