నరకుడు చచ్చాక ఆ ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

నరకాసుర వధ వీడియో కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే: "పదహారు వేల మంది భార్యలా బ్రో?" పక్కన నవ్వే ఎమోజీలు. మా ఆఫీసులోనూ ఇదే జోకు. నేనూ నవ్వినవాడినే, కాబట్టి ఎవర్నీ ఏమీ అనను.

కానీ భాగవతం దశమ స్కంధంలో ఆ ఘట్టం ఒకసారి నెమ్మదిగా చదవండి. నరకుడు చచ్చాడు, చెర తెరుచుకుంది. మన దీపావళి కథ అక్కడితో అయిపోయి టపాకాయలు మొదలవుతాయి. భాగవతం అక్కడ ఆగదు. ఆ స్త్రీలే ముందు మనసులో కృష్ణుణ్ణి కోరుకున్నారు. ఆయన వాళ్లకు శుభ్రమైన బట్టలు కట్టించి, పల్లకీల్లో ద్వారకకు పంపాడు. ఒకే ముహూర్తంలో అన్ని రూపాలెత్తి, ఒక్కొక్కరినీ ఒక్కో ఇంట్లో పెళ్లాడాడు. చెరలో ఉండొచ్చినవాళ్లను లోకం ఏమంటుందో తెలిసే అలా చేశాడని పెద్దలు చెప్తారు. ఎవరి ఇల్లు వాళ్లకి ఇచ్చాడు చూడండి, నాకు అదే పట్టుకుంది.

మాది జనగామ. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు బస్సు రాయగిరి దాటుతుంటే యాదగిరి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకోవడం చిన్నప్పటి అలవాటు. 2018లో ఆ యాదగిరిగుట్టలోనే వ్యభిచార గృహాల నుంచి 11 మంది ఆడపిల్లల్ని పోలీసులు విడిపించారు. త్వరగా పెద్దవాళ్లలా కనిపించాలని వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని పోలీసులే చెప్పారు. ఆ వార్త చదివాక చాలా రోజులు దణ్ణం పెట్టడానికి చెయ్యి లేవలేదు.

విడిపించాక ఏంటి? అమ్మినవాళ్లలో సొంతవాళ్లే ఉంటే తిరిగి ఆ ఇంటికే ఎలా పంపిస్తారు? చేతిలో పని లేకపోతే పాత బ్రోకరే మళ్లీ ఫోన్ చేస్తాడు.

1996లో హైదరాబాద్ పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు అక్కడి ఆడవాళ్లది ఇదే పరిస్థితి. అప్పుడు ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు సునీతా కృష్ణన్. ఇంకొకరు బ్రదర్ జోస్ వెట్టిక్కాటిల్, క్యాథలిక్ సన్యాస సోదరుడు. ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలోనే ఆ తల్లుల పిల్లలకు బడి పెట్టారు. అలా మొదలైంది ప్రజ్వల. తర్వాత తల్లులకు, విడిపించి తెచ్చిన ఆడపిల్లలకు పని నేర్పడం వచ్చింది. కుట్టుమిషన్‌తో సరిపెట్టలేదు. వెల్డింగ్, వడ్రంగం, తాపీ పని, బుక్ బైండింగ్ నేర్పారు. మగవాళ్ల పనులే ఎందుకంటే, వాటితో కూలీ వస్తుంది, ధైర్యమూ వస్తుంది. సునీత గారికి 2016లో పద్మశ్రీ వచ్చింది.

"మిషనరీ అంటే మతం మార్చడానికే కదా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకు ఒక్క మాట. సునీత గారు పుట్టింది హిందూ కుటుంబంలోనే. ఆమె పక్కన నిలబడింది ఒక క్రైస్తవ బ్రదర్. ఆ రోజు మనం ఎక్కడున్నామన్నదే నన్ను గుచ్చే ప్రశ్న.

పోయిన వారం ఇంటికెళ్లినప్పుడు అమ్మతో ఇదంతా చెప్పాను. కళ్లు తుడుచుకుంది. మా మేడ మీద గది కిరాయికి ఉంది. "అట్లా బయటపడి వెల్డింగ్ చేసుకునే అమ్మాయి వస్తే ఇస్తవా?" అని అడిగాను.

"ఇస్త గానీ బిడ్డా... వాడకట్టోళ్లు ఏమంటరో" అంది.

నేనూ ఏం మాట్లాడలేదు. గది ఇంకా ఖాళీగానే ఉంది.