మన నేల తెలిసినవాళ్లకు ప్రపంచ సంస్థల్లో పని

2023 నవంబరులో జెనీవాలో జరిగిన ఒక సమావేశంలో మన ఎర్రచందనం చర్చకు వచ్చింది. అంతరించిపోయే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. ఎర్రచందనాన్ని ఆ ఒప్పందం రెండో అనుబంధంలో 1995లో చేర్చారు. ఎగుమతుల తీరు మీద 2004 నుంచి మన దేశాన్ని సమీక్షలో ఉంచారు. ఆ నవంబరు సమావేశంలో స్థాయీ సంఘం మన దేశాన్ని ఆ సమీక్ష నుంచి తప్పించింది. తూర్పు కనుమల దక్షిణ కొసన, కడప, చిత్తూరు వైపు కొండల్లోనే ఎక్కువగా పెరిగే చెట్టు అది. దాన్ని పొలంలో నాటుకున్న రైతుకు ఎగుమతి దారి సులువవుతుందా లేదా అన్నది అంత దూరాన తేలింది.

ఇలాంటి నిర్ణయం వెనక చాలా లెక్క ఉంటుంది. అడవిలో ఎన్ని చెట్లున్నాయి, ఏ వయసువి, ఎంత కొడితే జాతికి నష్టం ఉండదు, పట్టుబడిన దుంగ అడవిదా తోటదా? వీటికి జవాబు చెప్పేవాళ్లు అటవీశాస్త్రం చదివినవాళ్లు, వృక్షశాస్త్రజ్ఞులు, గణాంక నిపుణులు, చట్టం తెలిసినవాళ్లు. జవాబులను నివేదికగా రాసి, నూట ఎనభైకి పైగా దేశాలు ఒప్పుకునే భాషలోకి తెచ్చేవాళ్లు ఇంకొందరు. అంతర్జాతీయ సంస్థల్లో శాస్త్ర నిపుణులు, విధాన నిపుణులు చేసే పని ఇదే.

కర్నూలు, కడప కాలేజీల్లో ఈ ఉద్యోగాల మాట ఎత్తితే పిల్లలు ముందు అడిగేది ఏ పరీక్ష రాయాలని, ఏ కోచింగ్‌లో చేరాలని. గ్రూప్స్‌కో బ్యాంకు ఉద్యోగానికో అది సరైన ప్రశ్నే. ఇక్కడ మాత్రం ఎక్కువ పోస్టులకు అందరికీ కలిపి పెట్టే పరీక్షంటూ ఉండదు. ఒక సమస్య మీద మీరు కొన్నేళ్లు ఏం పనిచేశారన్నదే చూస్తారు. నీళ్ల కరువు, వట్టిపోయిన బోరు, వలస, ఫ్లోరైడ్ నీళ్లు, ఎండను తట్టుకునే పంట... ప్రపంచ సంస్థలు తలపట్టుకుంటున్న సమస్యల్లో చాలావాటి మధ్యే మీరు పుట్టి పెరిగారు. వాటిని శాస్త్రంగా చదివితే మీ చేతిలో ఉన్నది చిన్న అర్హత కాదని గట్టిగా నమ్మి ఈ వ్యాసం రాస్తున్నాను.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2003లో నెదర్లాండ్స్ ప్రభుత్వ నిధులతో ఒక భూగర్భజలాల ప్రాజెక్టు మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ అండతో నడిచింది. పొట్టిపేరు ఏపీఫామ్స్. ఉమ్మడి రాష్ట్రంలో కరువు ఎక్కువగా ఉన్న ఏడు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో సాగింది. ఆ ఏడింటిలో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి. నంద్యాల ప్రాంతపు స్వచ్ఛంద సంస్థ బర్డ్స్ క్షేత్రస్థాయి పనిలో ముందు నిలిచింది. బోర్లు వేసుకోవద్దని ఎవరినీ శాసించలేదు, మానుకుంటే డబ్బులిస్తామని ఆశా పెట్టలేదు. ఊళ్లో కొన్ని బోర్లను పరిశీలనకు ఎంచుకుని, నీటిమట్టం ఎంత లోతుకు దిగిందో రైతులే టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. వానను కూడా వాళ్లే కొలిచారు. రబీకి ముందు వాగు పరివాహకంలోని ఊళ్లవాళ్లంతా కూర్చుని నేలలో ఎంత నీరు చేరింది, అనుకున్న పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని లెక్క తీశారు. లోటు కళ్లకు కనబడ్డాక వరి తగ్గించుకున్నవాళ్లు, ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లు ఎందరో. భారతదేశ భూగర్భజలాల మీద 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ఈ పనిని ప్రత్యేకంగా చర్చించింది.

ఈ పనిలో ఎవరెవరి అవసరం పడిందో చూడండి. భూగర్భజల శాస్త్రం తెలిసినవాళ్లు, వ్యవసాయ పట్టభద్రులు, సమాచారాన్ని పట్టికల్లోకి ఎక్కించేవాళ్లు, రైతులకు వాళ్ల మాటలోనే పాఠం చెప్పగలిగినవాళ్లు. రోమ్‌లోని ప్రధాన కార్యాలయంలో ఎంత మేధావి ఉన్నా, బోరు యజమానిని కూర్చోబెట్టి నీటి లెక్క ఒప్పించే పని ఇక్కడి మనిషే చేయాలి. అంతర్జాతీయ సంస్థలో మొదటి అడుగు చాలామందికి ఇలాంటి ప్రాజెక్టులోనే పడుతుంది. జీతం మామూలుగా ఉంటుంది, కాంట్రాక్టు ఏడాదో రెండేళ్లో. అయినా ఆ అనుభవం మీ దరఖాస్తులో వందమందిలో మిమ్మల్ని వేరుగా నిలబెడుతుంది.

రెండో దారి ప్రభుత్వ సర్వీసు మీదుగా వెళ్లేది. ఇందుకు కడప జిల్లా బిడ్డ యాగా వేణుగోపాల్ రెడ్డిగారి జీవితం చదవండి. 1941లో పాటూరులో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. 1964లో ఐఏఎస్‌కు ఎంపికయ్యారు. ప్రపంచ బ్యాంకులో సలహాదారుగా పనిచేశారు. 2002లో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ ఐఎంఎఫ్ కార్యనిర్వాహక డైరెక్టరై భారత్‌తో పాటు బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్‌ల గొంతు అక్కడ వినిపించారు. 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆ తర్వాత ప్రపంచ ఆర్థిక వ్యవస్థ సంస్కరణల మీద జోసెఫ్ స్టిగ్లిట్జ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘంలో సభ్యులయ్యారు. ఆయన ఆత్మకథ ‘అడ్వైస్ అండ్ డిసెంట్’ 2017లో వచ్చింది. విధాన నిపుణుడు కావాలనుకునే ప్రతి విద్యార్థీ దాన్ని చదవాలి.

ఆయన జీవితంలో నేను మీకు ప్రత్యేకంగా చూపించదలిచింది పదవుల వరుసను కాదు. ఐఏఎస్ ఉద్యోగంలో ఉన్నా అర్థశాస్త్రాన్ని ఆయన వదల్లేదు. సర్వీసులో చేరగానే చదువు ఆపేసేవాళ్లకు ఈ తలుపులు తెరుచుకోవడం కష్టం. అటవీ సర్వీసు, భారత ఆర్థిక సర్వీసు, వాతావరణ శాఖ, భూగర్భ సర్వే, వ్యవసాయ పరిశోధన సంస్థల నుంచి డెప్యుటేషన్ మీద అంతర్జాతీయ సంస్థలకు వెళ్లేవాళ్లున్నారు. అయితే వాళ్లకు ఏదో ఒక విషయంలో సొంత లోతు ఉంటుంది.

ఇక నేరుగా చేరే దారి. ఐక్యరాజ్యసమితిలో నిపుణుల పోస్టులను ‘పీ’ శ్రేణి అంటారు. సాధారణంగా మాస్టర్స్ డిగ్రీతో పాటు పీ-2కు రెండేళ్లు, పీ-3కి ఐదేళ్లు, పీ-4కు ఏడేళ్లు, పీ-5కు పదేళ్ల అనుభవం అడుగుతారు. డిగ్రీ మాత్రమే ఉంటే మరో రెండేళ్లు ఎక్కువ అనుభవం చూపించాలి. ముప్పై రెండేళ్లు దాటనివాళ్లకు యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ ఉంది, దీనికి మాత్రం పరీక్ష ఉంటుంది. ఇది ఎంపిక చేసిన దేశాలవాళ్లకే కాబట్టి ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉందో లేదో చూశాకే ఆశ పెట్టుకోండి. ఐఎంఎఫ్‌లో ఆర్థికవేత్త కావాలంటే సాధారణంగా పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే.

మనవాళ్లు అంతగా పట్టించుకోని పోస్టు నేషనల్ ఆఫీసర్. ఏ దేశంలో పని ఉంటే ఆ దేశ పౌరులకే ఇస్తారు, జీతం ఆ దేశ కరెన్సీలో ఉంటుంది. యూనిసెఫ్‌కు హైదరాబాదులో క్షేత్ర కార్యాలయం ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం ఢిల్లీలో ఉంది, ప్రపంచ బ్యాంకుకు చెన్నైలో పెద్ద కార్యాలయం ఉంది. 1997లో మొదలైన పోలియో నిఘా ప్రాజెక్టు కింద ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో వైద్యాధికారులను నియమించుకుని జిల్లాల్లోనే పనిచేయించింది. కర్నూలు మెడికల్ కాలేజీలోనో కడప రిమ్స్‌లోనో చదివి, ప్రజారోగ్యం మీద మనసున్న డాక్టర్లు ఈ వైపు తప్పక చూడాలి.

వ్యవసాయం చదివేవాళ్లకు ఇంకా దగ్గర దారి పటాన్‌చెరులో ఉంది. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పనంతా మెట్ట పంటల మీదే: వేరుశనగ, కంది, పప్పుశనగ, జొన్న, సజ్జ. విద్యార్థులకు అక్కడ పరిశోధన చేసుకునే వీలుంది. 1906లో మొదలైన నంద్యాల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47 శనగ నిటారుగా ఎదిగి యంత్రంతో కోతకు వీలైంది. అదే కేంద్రం నుంచి సూర్యనంది కొర్ర వచ్చింది. భారత్ ప్రతిపాదనతో 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్ర మీద పీజీ థీసిస్ చేసిన మహానంది వ్యవసాయ కాలేజీ విద్యార్థికి ప్రపంచంలో మాట్లాడేందుకు విషయం ఉంది. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు చూసి పెరిగిన ఇంజినీరింగ్ విద్యార్థికి గురుగ్రామ్‌లోని అంతర్జాతీయ సౌర కూటమి ఉంది, అబుదాబిలోని అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా ఉంది.

ఏది నేర్చుకోవాలన్నదానికి నా సలహా సూటిగా చెబుతాను. ఇంగ్లీషు మాట్లాడటం కన్నా రాయడం ముఖ్యం. పది పేజీల విషయాన్ని రెండు పేజీల్లో, మంత్రికి అర్థమయ్యేలా రాయగలిగితే సగం పని అయినట్టే. మన కాలేజీల్లో ఈ సాధన దాదాపు లేదు, కాబట్టి మీ అంతట మీరే చేయాలి. గణాంకాలు, మ్యాపులతో పనిచేసే జీఐఎస్ నేర్చుకోండి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో వాడుక భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఫ్రెంచి మొదలుపెట్టినవాళ్లకు పశ్చిమ ఆఫ్రికా మెట్ట దేశాల్లో పని దొరికే అవకాశం పెరుగుతుంది. అక్కడి నేలా వానా మనవాళ్లకు కొత్తగా అనిపించవు.

ఇంటర్వ్యూలో “మీరేం చేస్తారు” అని తక్కువగా, “ఫలానా ఇబ్బంది వచ్చినప్పుడు మీరేం చేశారు” అని ఎక్కువగా అడుగుతారు. అందుకే చేసిన పని, అందులో మీ వాటా, వచ్చిన ఫలితం నెలనెలా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒక్క నియమం మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఐక్యరాజ్యసమితి చార్టరు నూరో అధికరణం ప్రకారం సచివాలయ సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ, సొంత దేశం నుంచి కూడా, ఆదేశాలు తీసుకోకూడదు. సొంత దేశపు తప్పును కూడా తప్పని రాయగలిగే నిబ్బరం కావాలి. అది లేనివాళ్లు ఈ వృత్తిలోకి రాకపోవడమే మేలు.

కష్టాలూ ఉన్నాయి. పోస్టులు తక్కువ, పోటీ ప్రపంచమంతటి నుంచి. నిధులు ఆగితే ప్రాజెక్టు మూతపడుతుంది, కాంట్రాక్టు అక్కడితో ముగుస్తుంది. అందుకే వీటిని మాత్రమే నమ్ముకుని ఏళ్ల తరబడి ఖాళీగా ఉండొద్దు. విశ్వవిద్యాలయంలోనో ప్రభుత్వ శాఖలోనో స్వచ్ఛంద సంస్థలోనో మీ సబ్జెక్టు పని చేస్తూనే దరఖాస్తులు పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా పేరు నమోదు చేసుకోవచ్చు.

చివరిగా తల్లిదండ్రులకు కూడా ఒక మాట. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఏజెంట్ల చేతిలో ఎలా మోసపోయారో మీకు తెలుసు. ఇప్పుడు అదే మోసం ఐక్యరాజ్యసమితి లెటర్‌హెడ్‌తో మెయిళ్లలో, వాట్సాప్‌లో వస్తోంది. దరఖాస్తుకు గానీ ఇంటర్వ్యూకు గానీ శిక్షణకు గానీ ఐక్యరాజ్యసమితి ఒక్క రూపాయి ఫీజు తీసుకోదు. డబ్బడిగినవాడు ఎవరైనా, ఎంత పెద్ద పేరు చెప్పినా, ఇవ్వకండి. ఖాళీలన్నీ ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే ఉంటాయి, వాటిలోనే దరఖాస్తు చేయండి.