అండం ఎదుగుతోంది, పొర పలచగా ఉంది!

ప్రశ్న: నా వయసు 29. పీసీఓఎస్ ఉంది. మూడు నెలలుగా క్లోమిఫీన్ వాడుతున్నాను. అండం విడుదలవుతోంది గానీ, గర్భాశయం లోపలి పొర 6 మిల్లీమీటర్లే ఉందని ఈసారి ఈస్ట్రోజెన్ మాత్రలు కూడా రాశారు. ఇవి అవసరమా?
– ఒక సోదరి

జవాబు: క్లోమిఫీన్ మెదడుకు ఈస్ట్రోజెన్ సంకేతం అందకుండా అడ్డుకుంటుంది. దాంతో ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ పెరిగి అండం ఎదుగుతుంది. అయితే గర్భాశయంలోనూ అదే అడ్డు పడటంతో కొందరిలో పొర పలచబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే క్లోమిఫీన్ ఐదు రోజుల కోర్సు తర్వాత ఎస్ట్రడయోల్ వాలరేట్ అనే ఈస్ట్రోజెన్ మాత్రలు ఇస్తుంటారు. దీంతో పొర మందం పెరగొచ్చు. కానీ గర్భధారణ అవకాశాలు తప్పకుండా పెరుగుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు.

మీ విషయంలో క్లోమిఫీన్ బదులు లెట్రోజోల్ అనే మందుకు మారటం గురించి డాక్టర్‌ను అడగండి. ఇది పొరను అంతగా పలచబరచదు. పీసీఓఎస్ గల 750 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. అందులో లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్‌తో 19.1 శాతం మందికి కాన్పులయ్యాయి.

గతంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినా, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నా ఈస్ట్రోజెన్ మొదలుపెట్టకముందే డాక్టర్‌కు చెప్పాలి. సొంతంగా మోతాదు మార్చొద్దు. మీవారికి వీర్య పరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి.