తమ్ముడికి చెప్పులు చేద్దాం

కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రాడు రోజూ పాఠం మధ్యలో కునుకు తీసేవాడు. సోమరితనమనుకొని రెండు మూడుసార్లు గట్టిగా మందలించాను. ఒకనాడు అతని గోళ్ళు చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. డాక్టరుకు చూపిస్తే రక్తహీనత అనీ, కడుపులో కొంకి పురుగులున్నాయనీ తేలింది. వాడు ఎప్పుడూ వట్టి కాళ్ళతోనే పొలం గట్ల మీద తిరిగేవాడు. తప్పు వాడిది కాదు, నా తొందరపాటుది.

పురుగు కడుపులోకి వెళ్ళడానికీ, కాళ్ళకూ సంబంధమేమిటి? రోగి మలంతో బయటపడిన గుడ్లు తడి నేలలో పొదిగి లార్వాలవుతాయి. వీటి పొడవు సుమారు అర మిల్లీమీటరు. ఇవి పాదాల చర్మాన్ని తొలుచుకొని రక్తంలో చేరి, ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగులకు చేరుతాయి. అక్కడ రక్తం పీల్చి పెరుగుతాయి. ఈజిప్టులో పనిచేసిన ఆర్థర్ లూస్ అనే శాస్త్రజ్ఞుడు లార్వాలున్న నీరు పొరపాటున తన చేతిమీద ఒలకడం వల్ల ఈ దారిని కనిపెట్టాడు! మన దేశంలో 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు బడులలో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. మాత్ర పురుగును చంపుతుంది. కాని వట్టి కాళ్ళతో మళ్ళీ తిరిగితే పురుగు మళ్ళీ వస్తుంది. కాబట్టి ఇంట్లో చిన్నవారికి చెప్పులు చేద్దాం.

కావలసినవి: చేత్తో వంచితే వంగే పాత రబ్బరు చాప, పాత సైకిల్ ట్యూబు, పంక్చర్లు వేసే సొల్యూషన్, గరుకు కాగితం, దబ్బనం, నైలాన్ దారం, అట్ట, పెన్సిలు, కత్తెర.

చేసే విధం:

1. తమ్ముడిని అట్టమీద కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి పాదం చుట్టూ గీయండి. పెన్సిలు నిటారుగా ఉండాలి. రెండు గీతలనూ కొలవండి. నిలబడినప్పటి పాదం పెద్దది! పాదం అడుగున ఉన్న వంపు శరీరం బరువుకు కాస్త అణగడమే కారణం. అందుకే నిలబడినప్పటి కొలతే తీసుకోవాలి. రెండు పాదాలూ సమానంగా ఉండవు గనుక రెండూ గీయండి.

2. వేళ్ళ ముందు ఒక సెంటీమీటరు, పక్కల అర సెంటీమీటరు వదిలి అట్ట కత్తిరించండి. ఎదిగే పాదానికి ఆ చోటు అవసరం. ఆ అట్ట ప్రకారం ఒక్కో పాదానికి రెండేసి రబ్బరు ముక్కలు కోయండి. కోసేటప్పుడు పెద్దవారు పక్కన ఉండాలి.

3. పై ముక్కకు వేళ్ళు మొదలయ్యే చోట రెండు పక్కలా, మడమకు కొంచెం ముందు రెండు పక్కలా సన్నని గాట్లు పెట్టండి. ముందు గాట్లలో మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, వెనుక గాట్లలో మడమ చుట్టూ పోయే రెండు సెంటీమీటర్ల పట్టీ దూర్చండి. తమ్ముడి పాదం పెట్టి సరిచూడండి. చర్మం మీద గుర్తు పడితే వదులు చేయండి.

4. పట్టీల కొసలను పై ముక్క అడుగున మడిచి కుట్టండి. ఇప్పుడు రెండు ముక్కలూ అతుకుకొనే వైపులను గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, రెండింటికీ సొల్యూషన్ పలుచగా పూయండి. వెంటనే అతికించకండి! వేలికి అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు గట్టిగా నొక్కండి. సొల్యూషన్‌లోని ద్రావణి ఆవిరైపోతేనే రబ్బరు రబ్బరును పట్టుకుంటుంది. ఆ ఆవిరి మండుతుంది కాబట్టి నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయండి.

5. ఒక రాత్రి బరువు కింద ఉంచి, మర్నాడు చుట్టూ అంచు కుట్టండి.

ఒక్క మాట మరువకండి. చెప్పులు పురుగును చాలావరకు అడ్డుకుంటాయి గాని పూర్తిగా ఆపలేవు. పక్కలనుండి బురద అంటవచ్చు. అందరూ మరుగుదొడ్డి వాడితే నేలలో గుడ్లే పడవు. అసలు రక్షణ అదే.

మూడు నెలల తర్వాత తమ్ముడి పాదం మళ్ళీ గీయండి. పాత గీతతో పోల్చండి. ఎంత పెరిగింది? మీరు వదిలిన చోటు ఇంకా మిగిలి ఉందా?