పది రోజుల క్యాంపూ, మిగతా 355 రోజులూ

సావనీరు కమిటీ విద్యార్థులు వచ్చి, "మాస్టారూ, ఈసారి ఎన్.ఎస్.ఎస్. గురించి మీరే ఏదైనా వ్రాయాలి" అన్నారు. ఏమి వ్రాయమంటారని అడిగితే, "మామూలుగానే, కార్యక్రమాల వివరాలు" అన్నారు. ఆ మామూలు నాకు బాగా తెలుసు. ఫలానా గ్రామంలో శిబిరం జరిగినది, ఇంతమంది వాలంటీర్లు పాల్గొన్నారు, ఇన్ని మీటర్ల రోడ్డు వేశారు, ఇన్ని మొక్కలు నాటారు, ముగింపు సభకు పెద్దలు విచ్చేసి ప్రసంగించారు. కింద పలుగూ పారా పట్టుకొని కెమెరా వైపు చూస్తున్న ఒక ఫోటో. అటువంటి నివేదికలు నేనూ వ్రాశాను. నాలుగేళ్ళు ప్రోగ్రాం ఆఫీసరుగా ఉన్నవాడికి తప్పదు గదా! అందుకని ఈసారి ఆ పని మాని, అసలు విశ్వవిద్యాలయం ఊళ్ళోకి ఎందుకు పోవాలి, పోయి ఏమి చేయాలి అనే సంగతి మీతో కలిసి ఆలోచిద్దామనుకొన్నాను.

ముందు కొంచెం చరిత్ర. 1948లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నది ఆయనే. చదువుకొనేవారు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేసే ఏర్పాటు ఉండాలని ఆ కమిషన్ సూచించింది. తరువాత ఈ సేవను నిర్బంధం చేద్దామా వద్దా అని కొన్నాళ్ళు తర్జనభర్జనలు నడిచాయి. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ గారి కమిటీ ఆ ఆలోచన మీదనే కూర్చుంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా అన్ని దశల్లో విద్యార్థికి ఏదో ఒక రూపంలో సమాజసేవ ఉండాలన్నది. చివరికి గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, ఆనాటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి.రావు జాతీయ సేవా పథకాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభించారు. 1977లో యు.జి.సి. మరో అడుగు వేసి, బోధన, పరిశోధనలతో సమానంగా 'విస్తరణ' కూడా విశ్వవిద్యాలయపు మూడవ బాధ్యత అని ప్రకటించింది.

ఈ 'విస్తరణ' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు తమ పాఠాలను గోడ దాటించి ఇతర పట్టణాల్లో ఉపన్యాసాలుగా చెప్పించడం మొదలుపెట్టారు. 1914లో అమెరికా ఒక చట్టం చేసి, వ్యవసాయ కళాశాలల పరిజ్ఞానం రైతు ఇంటికి చేరే ఏర్పాటు చేసింది. రెండింటిలోనూ ఉన్న భావం ఒకటే: ఇక్కడ ఉన్న తెలివిని అక్కడికి మోసుకుపోవడం. మన ఎన్.ఎస్.ఎస్. ఆశయాలు తీసి చూడండి. మొదటిది, తాను పనిచేసే సమాజాన్ని విద్యార్థి అర్థం చేసుకోవడం. రెండవది, ఆ సమాజంతో తన సంబంధం ఏమిటో తెలుసుకోవడం. ఆ తరువాతనే అవసరాలు గుర్తించడం, పరిష్కారంలో పాలుపంచుకోవడం. అంటే ఇక్కడ ముందు నేర్చుకొనేది మనమే. ఊరు తరగతి గది, ఊరివాళ్ళు ఉపాధ్యాయులు.

బాగానే ఉంది. మరి ఈ తరగతికి ఫీజు ఎవరు కడుతున్నారు? ఈ ప్రశ్న నా బుర్రలో దూరడానికి కారణం మా రోజుల్లో జరిగిన ఒక క్యాంపు.

1982 మే నెల. నేను అప్పుడు విద్యార్థిని. ఆ రోజుల్లో ప్రత్యేక శిబిరం పది రోజులు ఉండేది (ఇప్పుడు ఏడు రోజులు చేశారు). కాలేజీకి దగ్గరలోనే ఒక దత్తత గ్రామం. పేరు వ్రాయడం లేదు, ఇప్పుడా ఊళ్ళో మా విద్యార్థుల బంధువులే ఉన్నారు. సర్పంచి గారినీ, కరణం గారినీ కలుసుకొని ఊరికి ఏమి కావాలని అడిగాము. దళితవాడకు రోడ్డు లేదు, వర్షాకాలం మోకాటి లోతు బురద, అది వేయండి అన్నారు. ఆ పేటను అప్పట్లో అందరూ హరిజనవాడ అనేవారు. మేము పొంగిపోయాము. ఇంతకన్న పుణ్యకార్యం ఏముంది? పది రోజులు ఎండలో మట్టి తవ్వి, తట్టలతో మోసి, పల్లం మీదుగా నడుమెత్తు కట్ట పోశాము. చేతులు బొబ్బలెక్కాయి. రాత్రుళ్ళు బడి అరుగు మీద పాటలు, నాటకాలు. చివరిరోజు సభలో మమ్మల్ని గాంధీజీ వారసులన్నారు. తిరిగి వస్తుంటే కొందరు మిత్రులు ఏడ్చారు కూడా.

మరుసటి సంవత్సరం క్యాంపుకు బడి అడగడానికి నలుగురం మళ్ళీ ఆ ఊరు వెళ్ళాము. మా రోడ్డు మధ్యలో తెగిపోయి ఉన్నది. వరద కోసింది కాబోలు అనుకొన్నాము. పేటలో ఒక ముసలాయన మమ్మల్ని గుర్తుపట్టి, "బాబూ, మీరు మళ్ళీ వస్తన్నారా?" అని అడిగాడు. ఆ గొంతులో ఆదరం లేదు, కోపమూ లేదు, కొంచెం భయం ఉన్నది. విషయమేమంటే, మేము పోసిన కట్టకు తూము లేదు. ఊరి వాన నీళ్ళన్నీ ఆ పల్లంలోంచి చెరువు వైపు పోయేవట. జూలైలో పెద్దవాన కురిసిన రాత్రి ఆ నీళ్ళు కట్టకు తగిలి వెనక్కి మళ్ళి గుడిసెల్లోకి వచ్చాయి. తిండిగింజలు తడిసిపోయాయి. అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వాళ్ళే కట్టకు గండి కొట్టుకొన్నారు.

"మీరు చిన్నపిల్లలు, మీకేం తెలుసులే. ఒక్కమాట మమ్మల్ని అడిగుంటే నీళ్ళు ఎటు పోతాయో చెప్పేవాళ్ళం" అన్నాడాయన.

పది రోజులు ఆ పేట పక్కనే పనిచేసి, అక్కడి కుండలో నీళ్ళు తాగి, వాళ్ళను మాత్రం అడగలేదు. అడిగినదల్లా సర్పంచి గారినీ కరణం గారినీ. ఆ ఏడాది మా కాలేజీ నివేదికలో ఆ రోడ్డు ఘనంగా ఉన్నది. గండి సంగతి ఏ నివేదికలోనూ లేదు. మేము కూడా ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి.

శ్రమదానం పనికిరాదని నేననడం లేదు. తప్పు శ్రమలో లేదు, లెక్కలో ఉన్నది. ఒక వాలంటీరు సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. మొదటి ఏడాది 120లో 20 గంటలు పరిచయ తరగతులకు, 30 గంటలకు మించకుండా కాలేజీ ఆవరణలోని పనికి పోతే, మిగిలిన 70 గంటలు ఊరివే. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు చొప్పున చూసుకోండి: 35 సార్లు ఊరికి వెళ్ళవచ్చు! కాలేజీ సంవత్సరంలో దాదాపు ప్రతి వారమూ వెళ్ళినట్లే. క్యాంపు దీనికి అదనం. కాని మనమేం చేస్తున్నాము? ఆ 70 గంటల్ని ర్యాలీలకూ, ప్రముఖులు వచ్చినప్పుడు బారులు తీరడానికీ ఖర్చుపెట్టి, ఊరిని క్యాంపు రోజుల్లో మాత్రం తలుచుకొంటున్నాము. మన బ్యాడ్జి మీది కోణార్క చక్రానికి ఎనిమిది ఆకులు ఉంటాయి. ఎనిమిది జాములూ సేవకు సిద్ధమని దాని అర్థం. జాముల మాట తరువాత, వారానికి ఒక సాయంత్రం దొరికితే చాలు.

ఆ సాయంత్రాల్లో చేసే మొదటి పని సర్వే. సర్వే అనగానే నాలుగు పేజీల ఫారం పట్టుకొని పోయి "మీ సమస్యలేమిటి?" అని అడగకండి. కొత్తవాడు అడిగితే ఎవరైనా రోడ్డు, కరెంటు, నీళ్ళు అని మూడు మాటలు చెప్పి పంపిస్తారు. నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు, ఎవరు తెస్తారు, ఎంతసేపు పడుతుంది, వాడిన నీళ్ళు ఎటు పోతాయి, ఇలా అడగండి. ఆడవాళ్ళ దగ్గరకు అమ్మాయిలు వెళ్ళాలి, అదీ వాళ్ళకు తీరికైన వేళ. నాట్ల రోజుల్లో పగలు వెళితే తాళాలు, ముసలివాళ్ళు, కోళ్ళు తప్ప ఎవరూ కనిపించరు. ఒకే ఇంటికి రెండోసారి, మూడోసారి పోవాలి. మొదటిసారి చెప్పిన జవాబుకూ మూడోసారి చెప్పిన జవాబుకూ ఉన్న తేడాయే సర్వేలో అసలు సరుకు.

ఇంకుడు గుంట సంగతి చూడండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి, కింద పెద్ద రాళ్ళు, పైన చిన్నవి, ఆ పైన ఇటుక ముక్కలు నింపి, మురికి అడ్డుకోవడానికి చిల్లి పెట్టిన కుండలో కొబ్బరిపీచు పెట్టి అమర్చమని అందరూ చెబుతారు. నిజమే. కాని నల్లరేగడి నేలలో నీరు సులువుగా ఇంకదు. ముందు ఒక అడుగు లోతు గొయ్యి తీసి, నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. గంటలు గడిచినా నీళ్ళు అలాగే నిలిచి ఉంటే ఆ ఇంటికి గుంట కాదు, కాలువ కావాలి. ఈ పరీక్షకు ఖర్చు ఒక బిందెడు నీళ్ళు. అది చేయకుండా తవ్విన గుంటల్లో దోమలు పెరగడం నేను చూశాను.

వాంతులూ విరేచనాలూ పట్టుకొన్న బిడ్డకు ప్యాకెట్టు దొరకనప్పుడు ఇవ్వవలసిన నీళ్ళ లెక్క మీలో చాలామందికి తెలుసు: లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంచుకు సమంగా కొలిచి. తెలిసినంత మాత్రాన చాలదు. ఆ ఇంట్లో చెంచా ఎంతది, చెంబులో ఎన్ని గ్లాసులు పడతాయి? ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. అందుచేత మా అమ్మాయిలు ఇంటింటికీ లీటరు సీసా పట్టుకొని వెళ్ళి, ఆ ఇంటి చెంబునే కొలిచి చూపించేవారు. ఇలాంటి పనికి ఫోటో రాదు.

అక్షరాస్యత సంగతి చెప్పాలంటే నెల్లూరు జిల్లాను తలుచుకోవలసిందే. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులు పెట్టారు. వాచకంలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ పాఠం ఒకటి ఉన్నది. దూబగుంట ఆడవాళ్ళు చదివి ఊరుకోలేదు, తమ ఊళ్ళో దుకాణం మూయించారు. ఆ మంట జిల్లాలకు పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం చెప్పినవాళ్ళలో ఎంతమంది ఇలా జరుగుతుందని అనుకొని ఉంటారు? వాళ్ళ కష్టం లాంతరు వెలుగులో గుణింతాలు దిద్దించడమే.

మరొక సంగతి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చి, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. దానితో ఊళ్ళో మట్టిపని కూలి దొరికే పని అయినది. అటువంటి పనిని మనం ఉచితంగా చేసి వచ్చామంటే ఒకరి కూలి తగ్గించి వచ్చామేమో చూసుకోవద్దూ? నేను 2008లో ప్రోగ్రాం ఆఫీసరుగా మరొక ఊరు వెళ్ళినప్పుడు, ముసలాయన మాట గుర్తుంచుకొని, మొదటి రెండు నెలలు పలుగు ముట్టనివ్వలేదు. పిల్లలు గొణిగారు. మూడో నెలలో ఒక ఇల్లాలు మా అమ్మాయితో, "జాబు కార్డులో ఏం రాశారో కాస్త చదివి పెట్టమ్మా" అన్నది. తాను పోయిన రోజులూ, కార్డులో పడిన రోజులూ సరిపోలేదు. మరుసటి వారానికి పదిమంది కార్డులు, ఆ తరువాత పాస్‌బుక్కులు, పింఛను దరఖాస్తులు. ఆ ఏడాదంతా మా యూనిట్ చేసిన ముఖ్యమైన పని అదే. రెండో ఏడాదికి కొందరు ఆడవాళ్ళు తమ రోజులు తామే గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. సంతకం నేర్పమన్నది కూడా వాళ్ళే, మేము కాదు.

సంవత్సరాంతపు నివేదికలో 'చేసిన పని' అన్న గడిలో 'కార్డులు చదివి చెప్పుట, ఫారములు నింపుట' అని వ్రాసి పంపాను. పైనుంచి కాగితం తిరిగి వచ్చింది: "ఎన్ని మీటర్లు?" అని.

2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కొక్క విద్యాసంస్థ కనీసం అయిదు గ్రామాలను తీసుకోవాలన్నారు. అక్కడ కూడా ముందు ఇంటింటి సర్వే చేయాలనే ఉన్నది. అయిదు ఊళ్ళయినా ఒక్క ఊరయినా, ఒక జట్టు నేర్చుకొన్నది తరువాతి జట్టుకు అందకపోతే ప్రతి ఏడాదీ మళ్ళీ మొదటి పాఠమే. విద్యార్థి రెండేళ్ళలో వెళ్ళిపోతాడు, ప్రోగ్రాం ఆఫీసరు నాలుగేళ్ళలో మారతాడు. ఊరు మాత్రం అక్కడే ఉంటుంది, ప్రతి కొత్త జట్టుకూ అవే జవాబులు చెప్పుకొంటూ. అందుకే మా హయాంలో ప్రతి సాయంత్రం ఎవరింటికి వెళ్ళామో, వాళ్ళేమన్నారో, మేము ఏమి చేస్తామని మాట ఇచ్చామో, ఏది చేయలేకపోయామో నోటుబుక్కుల్లో వ్రాయించాను. మొత్తం మూడు పుస్తకాలు. ఎన్.ఎస్.ఎస్. గదిలో బీరువా పై అరలో ఉన్నాయి. తాళం ఆఫీసులో అటెండరు దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తాడు.