కారు తలుపులో లౌడ్ స్పీకరు

కారులో మొదటినుండి ఉన్న స్పీకర్ల ధ్వని నచ్చక, బజారులో వేరొక జతను కొని, తమ చేతులతోనే తలుపులలో బిగించుకొనువారు పలువురు గలరు. వారిలో కొందరు, ధనము వెచ్చించియు ధ్వని మునుపటికంటె పేలవముగా నున్నదని విచారింతురు. ఇట్టి సందర్భములందు దోషము తరచుగా స్పీకరుది కాదు. దానిని అమర్చిన విధానముది. తలుపుకూడ స్పీకరులో ఒక భాగమే యని గ్రహించినచో ఈ పనిలోని మెలకువలన్నియు బోధపడును.

స్పీకరు పనిచేయు విధము

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిన నమూనాయే నేటి స్పీకర్లకు మూలము. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట వ్రేలాడుచుండును. దానికి కాగితముతోగాని ప్లాస్టిక్కుతోగాని చేసిన కోను అతికింపబడి యుండును. తీగచుట్టలో విద్యుత్తు దిశ మారినకొలది కోను ముందునకును వెనుకకును కదలును.

కోను ముందునకు కదలినపుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండు తరంగములును ఒకదానికొకటి వ్యతిరేకములు. అవి కలిసికొన్నచో పరస్పరము నశించును. సెకనుకు 100 కంపనములు గల మంద్రస్వరపు తరంగదైర్ఘ్యము గాలిలో సుమారు 3.4 మీటర్లు. ఆరున్నర అంగుళముల కోను దానియెదుట మిక్కిలి చిన్నది. కావున వెనుకటి తరంగము అంచును సులభముగా చుట్టివచ్చి ముందటిదానిని చంపివేయును. మంద్రస్వరమే మొదట పోవుటకు కారణమిదియే.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. పాత రేడియోలోని స్పీకరును విడిగా పట్టుకొని పాట వినుడు. పిమ్మట కోను వెడల్పునకు సరిపడు రంధ్రముగల పెద్ద అట్టముక్కకు దానిని ఆనించి వినుడు. మంద్రస్వరము తిరిగి వచ్చును. కారులో ఆ అట్టముక్క చేయు పనిని తలుపు చేయవలెను.

అమర్చు క్రమము

మొదట కిటికీ అద్దమును పూర్తిగా దింపవలెను. పిమ్మట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, ఎయిర్ బ్యాగులు గల కార్లలో తయారీదారుల పుస్తకము చెప్పినంతసేపు వేచియుండవలెను. తలుపు లోపలి పలకకు పిడివెనుక దాగిన మరలుండును. అంచుల వెంబడి ప్లాస్టిక్కు క్లిప్పులుండును. మరలన్నియు తీయక బలముగా లాగినచో పలక పగులును.

క్రొత్త స్పీకరును బిగించుటకు ముందు దాని లోతును కొలువవలెను. దిగిన అద్దమునకు అయస్కాంతము తగులరాదు. స్పీకరుకును ఇనుపరేకుకును నడుమ గట్టి రింగును, మెత్తని ఫోమును ఉంచి, ఎక్కడను సందు లేకుండ బిగించవలెను.

తలుపులోనికి వాననీరు దిగుట సహజము. అందుకే లోపల ప్లాస్టిక్కు పొరయు, అడుగున నీరు పోవు రంధ్రములును ఉండును. పొరను యథాప్రకారము అతికింపవలెను. అడుగు రంధ్రములను ఎన్నడును మూయరాదు. మూసినచో రేకు త్రుప్పుపట్టును. కొన్ని కార్లలో ప్రక్కనుండి తగులు దెబ్బను తలుపులోని గాలి పీడనమునుబట్టి గ్రహించు పరికరముండును. అట్టి తలుపు రేకును కోసినచో ప్రాణరక్షణ సాధనమే చెడవచ్చును. కనుక క్రొత్త రంధ్రములు కోయరాదు.

ధ్రువములు, నిరోధము

రెండు తలుపుల స్పీకర్లును ఒకేసారి ముందునకు కదలవలెను. ఒకదాని తీగలు తారుమారైనచో, ఒకటి గాలిని నెట్టుచుండగా రెండవది లాగుచుండును. మంద్రస్వరము మరల నశించును. ధ్రువములు తెలియనిచో, కారు తీగలనుండి విడదీసిన స్పీకరుకు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణము తాకింపవలెను. కోను బయటికి కదలినచో సెల్లు ధనధ్రువము తాకిన కొనయే స్పీకరు ధనధ్రువము.

ఓమ్ సూత్రమును ఇచట మరువరాదు. 4 ఓములకు తగిన యాంప్లిఫయరుకు 2 ఓముల స్పీకరును తగిలించితిమనుకొనుడు. 8 వోల్టుల వద్ద 2 ఆంపియరులకు బదులు 4 ఆంపియరులు ప్రవహించును. యాంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చును. కావున దానిపై వ్రాసిన కనిష్ఠ నిరోధమునకు తక్కువైన స్పీకరును కొనరాదు.

తీసిన కనెక్టర్లన్నింటిని కలిపి, బ్యాటరీని మరల తగిలించి, పలకను బిగింపకముందే అద్దమును ఎత్తి దింపి, పాట వినవలెను. లోపమున్నచో అప్పుడే దిద్దుకొనవచ్చును.

అభ్యాసము

1. మంద్రస్వరమువలె తారస్వరము త్వరగా నశింపకుండుటకు కారణమేమి?

2. రెండు 4 ఓముల స్పీకర్లను సమాంతరముగా కలిపినచో మొత్తము నిరోధమెంత? అది యాంప్లిఫయరుకు క్షేమమా?